ఇంటికి వస్తానన్న కుర్రాడి కోసం ఒక సాయంత్రం: ఈశాన్య ఒహాయో తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

సంఘాల కార్యవర్గ సభ్యులకు, సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతికీ ఉగాదికీ దసరాకీ మీరు పిలిచినప్పుడల్లా వచ్చినదాన్ని. వంటింట్లో పులిహోర కలిపిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆ చనువుతో ఒకటి అడుగుతున్నాను. మీ కార్యక్రమాల్లో ఒక్క సాయంత్రం, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు ఒకప్పుడు ఆడిన మన ప్రాంతపు బిడ్డ బెర్నీ కోజార్ కోసం కేటాయించండి. ఆ సాయంత్రం మనం మాట్లాడవద్దు. ఈ నేల మీద పుట్టి పెరిగిన పెద్దవాళ్లను, మన పక్కింటివాళ్లను, మనతో పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లను పిలుద్దాం. కోజార్ గురించి తమకు గుర్తున్నది వాళ్లు చెబుతారు. మన పిల్లలు వింటారు, మనమూ విందాం.

ఇప్పుడే ఎందుకంటే, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు ఈరీ సరస్సు ఒడ్డును వదిలి వెళ్లబోతోంది. బ్రూక్ పార్క్‌లో పైకప్పు ఉన్న కొత్త స్టేడియం కట్టి 2029 నాటికి అక్కడికి మారాలన్నది యజమానుల ప్రణాళిక. కోజార్ ఆడిన పాత మునిసిపల్ స్టేడియం ఎప్పుడో నేలమట్టమైంది. దాని స్థలంలోనే కట్టిన ఇప్పటి స్టేడియం కూడా రేపు ఖాళీ అయితే, 'ఇదిగో, ఇక్కడే ఆడాడు' అని వేలు పెట్టి చూపించడానికి చోటు ఉండదు. అప్పుడు ముప్పై ఏళ్ల వయసులో ఆ ఆటలు చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నారు. నా కౌంటర్ దగ్గర నిలబడి ఆ కథలు చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పటికే లేరు.

నేను ఫార్మసిస్టును. 1980ల మొదట్లో పెళ్లై యంగ్స్‌టౌన్ పక్కన ఉన్న బోర్డ్‌మన్‌కు వచ్చాను. పని చేసినంత కాలం ఈ చుట్టుపక్కల మందుల దుకాణాల్లోనే చేశాను. ఇక్కడ ఫార్మసీ కౌంటర్ అంటే ఊరి రచ్చబండే. రక్తపోటు మాత్రలకు వచ్చిన మనిషి ట్రేలో నేను ఐదైదుగా లెక్కపెట్టే లోపల ఇంట్లో సంగతులన్నీ చెప్పేస్తాడు. ఆదివారం బ్రౌన్స్ గెలిచారో ఓడారో సోమవారం ఉదయం వాళ్ల ముఖాల్లో తెలిసేది. అమెరికా ఫుట్‌బాల్ నాకు నేర్పింది ఆ ముఖాలే.

కొత్తగా వచ్చిన మన విద్యార్థుల కోసం ఆట గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇది మన హైదరాబాద్‌లో, కోల్‌కతాలో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, ఎదుటి జట్టును దాటుకుంటూ గజం గజం ముందుకు జరుపుకుంటూ పోవాలి. ప్రతి ఎత్తుగడలోనూ బంతి ముందుగా దాదాపు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. అతన్ని పడగొట్టడానికి కొండల్లాంటి మనుషులు దూసుకొస్తుంటారు. మూడు నాలుగు సెకన్ల వ్యవధిలో తనవాళ్లలో ఎవరు ఎక్కడికి పరుగెత్తుతున్నారో, ఎదుటివాళ్లు ఎవరిని వదిలేశారో చూసి బంతి విసరాలి. గెలిస్తే పేరంతా అతనిది, ఓడితే తిట్లన్నీ అతనివే.

కోజార్‌ను మొదటిసారి టీవీలో చూసినవాళ్లు ఇతను ఆటగాడా అని ఆశ్చర్యపోయేవారు. మనిషి ఆరడుగుల ఐదంగుళాలు. పరుగు మాత్రం నెమ్మది, అడుగులు తడబడుతున్నట్టు ఉండేవి. బంతిని అందరిలా భుజం మీదుగా కాకుండా, చెరువులోకి చిల్లపెంకు విసిరినట్టు పక్కనుంచి విసిరేవాడు. అయినా బంతి చేరాల్సిన చోటికే చేరేది. 1990, 1991 సీజన్లలో వరుసగా 308 సార్లు విసిరితే ఒక్కటి కూడా ఎదుటివాళ్ల చేతికి చిక్కలేదు. ఆ రికార్డు 2010 దాకా, టామ్ బ్రేడీ దాటే దాకా నిలిచింది. కళ్లతో, లెక్కతో ఆడే ఆట అతనిది. మయామి విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్, ఎకనామిక్స్ రెండూ ప్రధానాంశాలుగా చదివి గడువుకు ముందే పట్టా తీసుకున్నాడంటే నాకు వింతగా అనిపించలేదు.

ఈ ఊళ్లు అతన్ని అంతగా ప్రేమించడానికి అతని ఆట ఒక్కటే కారణం కాదు. అది తెలియాలంటే అప్పటి ఈ ఊళ్ల స్థితి తెలియాలి.

1977 సెప్టెంబర్ 19, సోమవారం. యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ ఉక్కు కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఒక్క దెబ్బకు సుమారు ఐదు వేల మందికి పని పోయింది. ఇక్కడివాళ్లు ఇప్పటికీ ఆ రోజును నల్ల సోమవారం అంటారు. తర్వాతి మూడు నాలుగేళ్లలో మిగిలిన కొలుములూ ఒక్కొక్కటిగా చల్లారాయి. క్లీవ్‌లాండ్ సంగతీ అంతే. 1978 డిసెంబర్‌లో ఆ నగరం తన అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. 1930ల మహామాంద్యం తర్వాత అలా అప్పు తీర్చలేకపోయిన మొదటి పెద్ద అమెరికా నగరం అదే. 1969లో కయహోగా నది మీద తేలే చమురు అంటుకుని నదే మండిందన్న వార్త అప్పటికే దేశమంతా పాకి, ఆ ఊరు టీవీలో నవ్వులాటకు సరుకైపోయింది. నేను వచ్చేసరికి మా వీధిలోనే అమ్మకానికి పెట్టిన ఇళ్లు వరుసగా ఉండేవి. ఇరవై ఏళ్లు నిండిన పిల్లలు టెక్సస్‌కో ఫ్లోరిడాకో వెళ్లిపోతుంటే తల్లిదండ్రులు వాకిట్లో నిలబడి సాగనంపేవారు.

ఆ పిల్లల ఈడువాడే కోజార్. 1963 నవంబర్‌లో యంగ్స్‌టౌన్‌లో పుట్టాడు. హంగేరీ మూలాలున్న కుటుంబం. నల్ల సోమవారం నాటికి పదమూడేళ్లు. బోర్డ్‌మన్ హైస్కూల్లో ఆడి మయామికి వెళ్లాడు. 1984 జనవరి 2న ఆరెంజ్ బౌల్ అనే కాలేజీ జట్ల పోటీలో అప్పటిదాకా ఓటమి ఎరుగని నెబ్రాస్కాను 31-30తో ఓడించి జాతీయ విజేతగా నిలిచిన జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఇతనే. వయసు ఇరవై. దేశంలో ఏ జట్టయినా రెండు చేతులా ఎదురొచ్చే స్థితి.

అలాంటివాడు క్లీవ్‌లాండ్‌కే వస్తానన్నాడు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు అన్నిటికన్నా అర్థం కావాల్సిన ముక్క ఇదే. కాలేజీ నుంచి వచ్చే ఆటగాళ్లను జట్లు వరుస ప్రకారం ఎంచుకుంటాయి. ఫలానా జట్టుకే ఆడతానని ఆటగాడు అనడానికి వీల్లేదు. 1985లో కోజార్‌ను తీసుకోవాలని మిన్నెసోటా వైకింగ్స్ ముందు వరుసలోకి జరిగి కూర్చుంది. బ్రౌన్స్ మరో దారి వెతికారు. ఏప్రిల్‌లో జరిగే మామూలు ఎంపికకు పేరు ఇవ్వని ఆటగాళ్ల కోసం తర్వాత అదనపు ఎంపిక ఒకటి ఉంటుంది. అందులో మొదటి వంతును బఫలో జట్టు నుంచి బేరమాడి తీసుకున్నారు. ఇక అంతా కోజార్ చేతిలో పడింది. మిన్నెసోటా అభ్యంతరం చెప్పింది, వివాదం లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ దాకా వెళ్లింది. ఏ ఎంపికకు పేరు ఇచ్చుకోవాలో ఆ కుర్రాడి ఇష్టమని ఆయన తేల్చారు. కోజార్ ఏప్రిల్‌లో పేరు ఇవ్వలేదు. వేసవిలో చదువు పూర్తి చేసి, అదనపు ఎంపిక దారిలో బ్రౌన్స్‌లోకి వచ్చాడు.

తాము అభిమానించే జట్టు తమను ఎంచుకుంటుందా అని ఎదురు చూసే ఆటగాళ్లు చాలామంది ఉంటారు. జట్టును తానే ఎంచుకోవడానికి నిబంధనల పుస్తకం తిరగేసి, గడువు తేదీని కావాలని వదిలేసుకున్నవాడు ఇతను. అదీ ఎండకాసే ఫ్లోరిడాలో పేరు తెచ్చుకున్నాక, అందరూ వదిలిపోతున్న ఊళ్ల వైపు. నా కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన, కొలిమి దగ్గర పని చేసి చెవులు సరిగా వినిపించక గట్టిగా మాట్లాడే మనిషి, ఆ వేసవిలో మందుల సంచి తీసుకుంటూ నాతో అన్న మాట నాకింకా జ్ఞాపకం: "మా ముగ్గురు పిల్లలూ వెళ్లిపోయారమ్మా. ఒకడు తిరిగొస్తున్నాడు."

మనం ఊళ్లు వదిలి వచ్చినవాళ్లం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో విజయనగరంలోనో మన తల్లిదండ్రులు మన ఫోను కోసం ఎదురు చూశారు, కొందరివాళ్లు ఇంకా చూస్తున్నారు. ఆ పెద్దాయన మాట ఎంత లోతైనదో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? బ్రౌన్స్ ఎప్పుడూ ఓడిపోయే జట్టేగా అని మన కుర్రవాళ్లు తేలిగ్గా అనేస్తుంటే నా మనసు చివుక్కుమంటుంది. ఈ జనం గెలుపును చూసి మనసు ఇచ్చినవాళ్లు కారు. అదే గెలుపు కావాలంటే మా యంగ్స్‌టౌన్‌వాళ్లకు అంతే దూరంలో పిట్స్‌బర్గ్ ఉంది. డెబ్భైలలోనే నాలుగు సూపర్ బౌల్స్ (ఈ ఆటలో ఏటా జరిగే అంతిమ పోటీ) గెలిచిన జట్టు వాళ్లది. మా ప్రాంతంలో ఒకే ఇంట్లో అన్న పిట్స్‌బర్గ్ వైపు, తమ్ముడు క్లీవ్‌లాండ్ వైపు ఉండటం నేను చాలా చూశాను.

ఇక ఆటలు. అన్నీ చెప్పను, ఆ సాయంత్రం వచ్చినవాళ్లు నాకన్నా బాగా చెబుతారు. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను.

1987 జనవరి 3, న్యూయార్క్ జెట్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్, అంటే ఓడితే ఇంటికే. పాత మునిసిపల్ స్టేడియం అంటే సరస్సు గాలి నేరుగా వచ్చి ఎముకల్లో దిగే చోటు. అడ్డంగా స్తంభాలు, వాటి వెనక సీటు దొరికితే సగం మైదానం కనిపించదు. అయినా ఆ రోజు 78 వేల మందికి పైగా వచ్చారు. ఒక మూలన కుక్కల ముసుగులు వేసుకుని మొరిగే అభిమానులు. డాగ్ పౌండ్ అనే ఆ మూలకు పేరు తెచ్చింది హాన్‌ఫోర్డ్ డిక్సన్, ఫ్రాంక్ మినీఫీల్డ్ అనే డిఫెన్స్ ఆటగాళ్లు. నాలుగో భాగంలో కోజార్ విసిరిన బంతులు వరుసగా రెండు ఎదుటివాళ్లకు చిక్కాయి. ఇంకా నాలుగు నిమిషాల చిల్లర ఉందనగా జెట్స్ 20-10తో ముందున్నారు. జనం లేచి కార్ల వైపు నడవడం మొదలుపెట్టారు.

తర్వాతి ఎత్తుగడల్లో బ్రౌన్స్ ముందుకు పోయేది పోయి వెనక్కి జారారు. బంతి తమ దగ్గరే నిలవాలంటే ఇరవై నాలుగు గజాలు కావాలి. కోజార్ విసిరాక జెట్స్ ఆటగాడు మార్క్ గాస్టినో వచ్చి అతన్ని గుద్దేశాడు. బంతి చేయి వదిలాక గుద్దడం తప్పు. రిఫరీ జెండా పడింది, బ్రౌన్స్‌కు ప్రాణం వచ్చింది. అక్కడి నుంచి కోజార్ ఆడిన ఆట గురించి విననివాళ్లు ఈ ప్రాంతంలో ఉండరు. కెవిన్ మాక్ టచ్‌డౌన్‌తో (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) 20-17. మళ్లీ బంతి చేతికి రాగానే వెబ్‌స్టర్ స్లాటర్‌కు ఒక పొడవాటి విసురు. ఏడు సెకన్లు ఉందనగా మార్క్ మోజ్లీ కిక్‌తో 20-20. అదనపు సమయంలో అదే మోజ్లీ చాలా దగ్గరి నుంచి కొట్టాల్సిన కిక్ తప్పాడు. ఇంకో అదనపు భాగం ఆడాల్సి వచ్చింది. అందులో మోజ్లీ కొట్టాడు, 23-20. కోజార్ 64 సార్లు విసిరి 489 గజాలు సాధించాడు. ప్లేఆఫ్‌లలో అంతవరకు ఎవరూ అన్ని గజాలు విసరలేదు.

మా వీధి చివర ఉండే దంపతులు ఆ రోజు స్టేడియం నుంచి బయటికి వచ్చేసినవాళ్లలో ఉన్నారు. కారులో హీటరు పెట్టుకుని రేడియో తిప్పితే మాక్ టచ్‌డౌన్ వినిపించింది. ఆమె కారు తలుపు తీసి పరుగెత్తిందట, ఆయన తాళం వేసి వెనకే పరుగెత్తాడట. గేటు దగ్గర ఎవరూ టికెట్ అడగలేదు. ఒక స్తంభం పక్కన, ముక్కూ ముఖం తెలియని ఒక కుటుంబం దుప్పటిలో సగం కప్పుకుని మిగిలిన ఆట చూశారు. వాళ్ల ఇంట్లో ఏ పండక్కి వెళ్లినా ఈ కథ వినిపించేది. ఎన్నిసార్లు విన్నా ఆవిడ కారు తలుపు తీసే దగ్గరికి వచ్చేసరికి నేను కూడా ముందుకు వంగి కూర్చునేదాన్ని.

ఎనిమిది రోజుల తర్వాత, జనవరి 11న, సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరంలో డెన్వర్ వచ్చింది. చివర్లో కోజార్ బ్రయన్ బ్రెనన్‌కు విసిరిన 48 గజాల టచ్‌డౌన్‌తో 20-13. తర్వాత డెన్వర్ తన సొంత రెండు గజాల గీత దగ్గర ఇరుక్కుంది. అక్కడి నుంచి జాన్ ఎల్వే 98 గజాలు నడిపించి సమం చేశాడు. అదనపు సమయంలో ఓటమి. మరుసటి ఏడాది డెన్వర్‌లో మళ్లీ అదే మెట్టు. సగం ఆటకు 21-3తో వెనకబడిన జట్టును కోజార్ 31-31కి లాక్కొచ్చాడు. చివర్లో మళ్లీ సమం చేయబోతుండగా ఎర్నెస్ట్ బైనర్ చేతిలోంచి గీత దగ్గర బంతి జారింది. 38-33తో ఓటమి. ఆ రోజు జట్టును అంతదూరం తెచ్చినవాళ్లలో బైనర్ ముందుంటాడు. కానీ అతని పేరు చెప్పగానే లోకానికి ఆ జారిన బంతి ఒక్కటే గుర్తొచ్చేలా అయిపోయింది. 1990 జనవరిలో మూడోసారి అదే డెన్వర్, అదే ఓటమి. కోజార్ సూపర్ బౌల్ మైదానానికి బ్రౌన్స్ చొక్కాతో ఎప్పుడూ వెళ్లలేదు.

అయినా ఇంత ప్రేమ ఏమిటని మా అబ్బాయి చిన్నప్పుడు అడిగేవాడు. అతని ప్రశ్నకు 1993 నవంబర్ 8 జవాబు చెప్పింది.

ఆ ముందురోజు ఆదివారం బ్రౌన్స్ డెన్వర్ చేతిలో ఓడారు. ఓడినా అయిదు గెలుపులు, మూడు ఓటములతో ఉన్నారు. సోమవారం కోచ్ బిల్ బెలిచిక్ కోజార్‌ను జట్టు నుంచి తీసేశాడు. నైపుణ్యం తగ్గుతోందన్నది ఆయన చెప్పిన కారణం. జట్టులోని మరో ముఖ్య క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టావెర్డీ అప్పుడు గాయంతో ఉన్నాడు. సీజన్ మధ్యలో, చేతిలో సరైన ప్రత్యామ్నాయం లేకుండానే, ఊరి బిడ్డను పంపేశారు. ఆ మధ్యాహ్నం నా కౌంటర్‌కు వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా వాతావరణం గురించి మాట్లాడలేదు. షిఫ్టు దిగి వచ్చిన ఒక నర్సు మందుల చీటీ నా చేతికిచ్చి, కౌంటర్ అంచు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయింది. చీటీ ఆమె తండ్రిది. "నాన్నకు ఎలా చెప్పాలో తెలియడం లేదు" అంది. నేను మాత్రలు లెక్కపెట్టడం ఆపి ఆమె చేయి పట్టుకున్నాను. ఇంటికి వస్తానని వచ్చినవాణ్ని ఇంట్లోంచి పంపేశారన్న బాధ అది. ఆ సీజన్ బ్రౌన్స్ 7-9తో ముగించారు.

బెలిచిక్ తర్వాత న్యూ ఇంగ్లండ్‌లో ఆరు సూపర్ బౌల్స్ గెలిచిన మాట నిజమే. ఆటగాళ్ల కాళ్లు, చేతులు ఏ వయసులో నెమ్మదిస్తాయో ఆయనకు తెలిసే ఉంటుంది. అయినా ఆ నవంబర్‌లో జరిగిన తీరు తప్పని నేను ఇప్పటికీ అంటాను. కొద్ది రోజుల్లోనే డల్లాస్ కోజార్‌ను తీసుకుంది. జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోతో, సూపర్ బౌల్‌కు ముందు మెట్టైన కాన్ఫరెన్స్ ఫైనల్లో డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్ తలకు దెబ్బ తగిలి బయటికి వస్తే, లోపలికి వెళ్లి ఆల్విన్ హార్పర్‌కు టచ్‌డౌన్ విసిరింది కోజారే. డల్లాస్ సూపర్ బౌల్ గెలిచింది, అతనికి విజేతలకిచ్చే ఉంగరం వచ్చింది. డల్లాస్ అంటే పడని మా ఊరివాళ్లు ఆ రోజు దాని కోసం కేకలు పెట్టారు.

రెండేళ్ల తర్వాత ఇంకా పెద్ద దెబ్బ. 1995 నవంబర్‌లో యజమాని ఆర్ట్ మోడెల్ జట్టునే బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. మన పిల్లలు ఒక ఊరివాళ్లు ఏం చేయగలరో తెలుసుకోవాల్సింది ఇక్కడే. ఈ జనం ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, కోర్టుకు వెళ్లారు. చివరికి లీగ్ దిగివచ్చింది. జట్టు వెళ్లింది కానీ బ్రౌన్స్ అనే పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో ఆ పేరుతో కొత్త జట్టు మళ్లీ వచ్చింది. 1995 డిసెంబర్ 17న పాత స్టేడియంలో చివరి ఆట ముగిశాక జనం సీట్లు ఊడదీసి ఇళ్లకు పట్టుకెళ్లారు. అప్పటికి తిరిగి బ్రౌన్స్‌లో ఆడుతున్న బైనర్ డాగ్ పౌండ్ దగ్గరికి వెళ్లాడు. ఎనిమిదేళ్ల కిందట బంతి జారిన ఆ చేతులను అక్కడివాళ్లు పట్టుకుని ఏడ్చారు. మా ఇంట్లో టీవీ ముందు మేమూ ఏడ్చాం.

కొత్త జట్టు వచ్చాక క్వార్టర్‌బ్యాక్‌లు వచ్చారు, పోయారు, లెక్క తప్పేంతమంది. 2017లో పదహారు ఆటలకు పదహారూ ఓడారు. అప్పుడూ స్టేడియానికి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లలో తలలు నెరిసిన చాలామంది 19 నంబరు చొక్కా తొడుక్కుని వెళ్లారు. అది కోజార్ నంబరు.

యువతకు బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కథ తెలుసు. ఆక్రన్‌లో పుట్టి, వదిలిపోయి, 2014లో తిరిగొచ్చి, 2016లో క్లీవ్‌లాండ్ బాస్కెట్‌బాల్ జట్టు కావలియర్స్‌ను గెలిపించాడు. 1964లో బ్రౌన్స్ గెలిచాక ఈ నగరానికి దక్కిన మొదటి పెద్ద కిరీటం అది. లెబ్రాన్ తిరిగొచ్చిన వేసవిలో పెద్దవాళ్లు అంత పొంగిపోవడం వెనక అంతకు ముందు వచ్చిన బోర్డ్‌మన్ కుర్రాడి జ్ఞాపకం కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. కోజార్ క్లీవ్‌లాండ్‌కు కిరీటం తేలేకపోయినా ఆ తలుపు మొదట తట్టినవాడు అతనే.

దెబ్బల సంగతి కూడా పిల్లలకు దాచవద్దు. ఆ ఆట తలకు ఎంత చేటు చేస్తుందో కోజార్ తానే బయటపడి చెప్పారు. 2009లో దివాలా పిటిషన్ వేశారు. తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని, కాలేయం దెబ్బతిందని 2024లో వెల్లడించారు. 2025 నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లోనే ఆయనకు కాలేయ మార్పిడి జరిగింది. ఆ వార్తలు వచ్చిన వారాల్లో మా చర్చిల ముందు, దుకాణాల ముందు ఆయన కోసం ప్రార్థించమని రాసిన బోర్డులు చూశాను. మన గుడిలో ఆయన పేరు మీద నేనూ అర్చన చేయించాను. గోత్రం అడిగితే ఊరి పేరు చెప్పాను, పూజారిగారు ఏమీ అనకుండా చదివారు.

1978 నుంచి ఈ క్లీవ్‌లాండ్‌లో ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఉక్కు పరిశ్రమ కూలుతున్న, నగరం అప్పులు తీర్చలేక చేతులెత్తేస్తున్న సరిగ్గా ఆ రోజుల్లో మొదలైన ఉత్సవం. అందరూ వెళ్లిపోతున్నప్పుడు మనవాళ్లకు ఈ నగరం హాళ్లు ఇచ్చింది, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో చోటిచ్చింది. మన పాటను విని చప్పట్లు కొట్టిన ఇక్కడివాళ్లను మీరూ చూశారు. వాళ్ల కథను మనం ఒక్క సాయంత్రం కూర్చుని వినలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా. ఇది నాకు చాలాకాలంగా మనసులో ముల్లులా ఉంది.

ఎలా చేయవచ్చో నా ఆలోచన చెబుతాను. ఆగస్టులో, ఆటల సీజన్ మొదలవకముందు అయితే బాగుంటుంది. సెప్టెంబర్ వస్తే పెద్దవాళ్ల ఆదివారాలు ఖాళీ ఉండవు. పెద్ద హాలు అక్కరలేదు, లైబ్రరీలో సమావేశపు గది చాలు. మెట్లు లేనిదై ఉండాలి, వచ్చేవాళ్లలో చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఉంటాయి. మైకు మాత్రం మంచిది పెట్టండి. కొలిమి దగ్గర పనిచేసినవాళ్లలో సగం మందికి సరిగా వినపడదు. పాత టికెట్ ముక్కలు, ఊడదీసిన సీట్లు, 19 నంబరు చొక్కాలు తెచ్చుకోమని చెప్పండి. అవి పెట్టడానికి ఒక పొడవాటి బల్ల వేయండి. మన హైస్కూల్ పిల్లలు వాళ్ల మాటలు రికార్డు చేసి, పేర్లు తేదీలు సరిగా రాసి, ఊరి లైబ్రరీకి ఇవ్వాలి. తెలుగు బడి పిల్లలు ఆ కథల్లో ఒక్కొక్కటి ఎంచుకుని తెలుగులో రాసి ఉగాదికి చదివితే ఇంకా సంతోషం. సినిమా తారను పిలవడానికి చేసే ఖర్చులో పదో వంతు కూడా కాదు.

కోజార్ గారిని పిలవాలని కొందరికి అనిపిస్తుంది. ఆయన ఆరోగ్యం దృష్ట్యా దయచేసి ఆ ఒత్తిడి పెట్టవద్దు. రికార్డు చేసినవి మాత్రం ఆయనకు చేరేలా చూద్దాం.

మా వీధి చివరి దంపతుల్లో ఆయన పోయి కొన్నేళ్లైంది. ఆవిడ ఉన్నారు. ఎనభై దాటారు, కారు నడపడం మానేశారు. నేను అడిగాను, వస్తానన్నారు. నేనే తీసుకొస్తాను. తేదీ చెప్పండి.

ఇట్లు
మీ సభ్యురాలు, పదవీ విరమణ చేసిన ఫార్మసిస్టు
బోర్డ్‌మన్, ఒహాయో